చెరువు దారాల్లో చిక్కిన గుడ్లగూబ: కోలుకునేదాకా మేం పాటించిన పద్ధతి

పల్లెటూళ్లలో అడవి జీవులు ఇప్పటికీ కనిపిస్తున్నాయా, గాయపడి దొరికిన దాన్ని ఇంట్లో ఉంచుకుని బాగుచేయవచ్చా అని మీరు అడిగారు. మొదటి ప్రశ్నకు నా జవాబు నిస్సందేహంగా అవును. రెండవ ప్రశ్నకు కూడా అవుననే చెబుతాను కానీ, ఆ పని పశువైద్యుడి చేతి కింద, అటవీ శాఖకు తెలిసి మాత్రమే జరగాలి. ఇంట్లో కుక్కపిల్లను సాకినట్టు అడవి జీవిని సాకితే అది బతికినా తిరిగి అడవికి పనికిరాదు. మా ఇంట్లో ఒక గుడ్లగూబ కోలుకున్న అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

మాది కైకలూరుకు దగ్గరలోని ఊరు. కొల్లేరు పక్కనే ఉండడం వల్ల గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నీటికాకులు మా ఊరి మీదుగా రోజూ ఎగురుతాయి. కాలువ గట్ల మీద ముంగిసలు, వరి కోతల సమయంలో నక్కలు, అరుదుగా అడవిపిల్లులు కనిపిస్తాయి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తించారు. అయితే పక్షులకు అభయారణ్యం హద్దులు తెలియవు కాబట్టి అవి మేత కోసం మా చేపల చెరువుల మీదకు, రొయ్యల చెరువుల మీదకు వస్తాయి. రైతుకు నష్టం కలగకుండా ఆ చెరువుల మీద సన్నని నైలాన్ దారాలను గట్టు నుంచి గట్టుకు లాగి కడతారు. పగలు కొంగకు, కాకికి ఆ దారం కొంతైనా కనిపిస్తుంది. రాత్రి వేళ ఎలుకల కోసం గట్ల వెంట తక్కువ ఎత్తులో ఎగిరే గుడ్లగూబకు అది కనిపించే అవకాశం చాలా తక్కువ.

తమలపాకు ఆకారంలో తెల్లని ముఖం, లేత బంగారు రంగు వీపు ఉన్న పెద్ద గుడ్లగూబ ఒకటి తెల్లవారుజామున అలాంటి దారానికి వేలాడుతోందని చెరువు కాపలా ఉండే తాత వచ్చి చెప్పాడు. పక్షి పరిశీలకులు బార్న్ ఔల్ అని పిలిచే జాతి అది. మేం వెళ్లేసరికి కుడి రెక్కకు దారం మూడు నాలుగు చుట్లు బిగిసి ఉంది. ఇలాంటప్పుడు దారాన్ని లాగి విప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది కానీ, లాగిన కొద్దీ అది చర్మాన్ని కోస్తుంది. మేం ముందుగా పక్షి మీద మందపాటి తువాలు కప్పి, తల పూర్తిగా చీకట్లో ఉండేలా చేసి, రెండు కాళ్లనూ గోళ్లకు పైభాగంలో ఒడిసి పట్టుకున్నాం. గుడ్లగూబ ముక్కు కంటే కాలిగోళ్లే ప్రమాదకరం. ఆ తరువాత దారాన్ని రెక్కకు రెండు వైపులా దూరంగా కత్తిరించి, చుట్లను అలాగే ఉంచి, గాలి ఆడేలా రంధ్రాలు పొడిచిన అట్టపెట్టెలో పెట్టి తీసుకొచ్చాం. నీళ్లు తాగించడం గాని, మేత పెట్టడం గాని అప్పుడు చేయలేదు. భయంతో, నీరసంతో ఉన్న పక్షి నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తాయి.

పెట్టె ఇంటికి చేరకముందే అటవీ శాఖ సెక్షన్ అధికారికి ఫోన్ చేశాం. ఇది మర్యాద కోసం చేసే పని కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షిత జీవి ఎవరి చేతికి వచ్చినా, 48 గంటల్లోగా దగ్గరలోని పోలీసు స్టేషనుకు గాని అధీకృత అధికారికి గాని తెలియజేసి, వారు అడిగితే అప్పగించాలి. విశాఖపట్నం, తిరుపతి వంటి చోట్ల జంతు ప్రదర్శనశాలలకు అనుబంధంగా సంరక్షణ కేంద్రాలు ఉన్నాయి కానీ, ఆ స్థితిలో అంత దూరం ప్రయాణం పక్షికి మంచిది కాదని పశువైద్యుడు చెప్పారు. అందువల్ల కోలుకునే వరకు తమ లెక్కలోనే, వైద్యుడి పర్యవేక్షణలో మా దగ్గర ఉంచడానికి అధికారి అంగీకరించారు.

వైద్యుడు దారపు చుట్లను ఒక్కొక్కటిగా తీశారు. ఎముక విరగలేదు. భుజానికీ మణికట్టుకూ మధ్య సాగే పల్చని చర్మపు పొర కోసుకుపోయి, రెక్క వాచింది. దారం తీసేశాం కదా, రెక్క ఆడిస్తోంది కదా అని అదే రోజు వదిలేయాలని ఊళ్లో కొందరు అన్నారు. ఆయన వద్దన్నారు. బిగిసిన దారం వల్ల రక్తప్రసరణ ఆగిన చోట కండ, చర్మం చచ్చిపోవడం వెంటనే బయటపడదని, కొద్ది రోజుల తరువాత గాని తెలియదని వివరించారు. అది నిజమైంది. పైకి చిన్నగా కనిపించిన గాయం అంచులు తరువాత నల్లబడ్డాయి, ఆయన వాటిని శుభ్రం చేసి మందు వేయవలసి వచ్చింది. దారాల్లో, వలల్లో, గాలిపటాల మాంజాలో చిక్కిన ఏ పక్షినైనా వెంటనే ఎగరేసి ఫొటో తీసుకునే అలవాటు మానవలసిన అవసరం ఇందుకే ఉంది. రెక్కకు ఎనిమిది అంకె ఆకారంలో వేసిన కట్టును కూడా ఆయన ఎక్కువ కాలం ఉంచలేదు. కదలిక లేకపోతే కీళ్లు బిగుసుకుపోయి, గాయం మానినా రెక్క పూర్తిగా తెరుచుకోదట.

వసతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి మనసుతో చేసే హాని ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. కోళ్ల కోసం వాడే ఇనుప తీగల గూట్లో గుడ్లగూబను పెట్టకూడదు. బెదిరి కొట్టుకున్నప్పుడు రెక్కల ఈకలు, తోక ఈకలు తీగలకు తగిలి విరుగుతాయి, విరిగిన ఈక మళ్లీ ఈకలు రాలి కొత్తవి మొలిచే వరకు అలాగే ఉంటుంది. గుడ్లగూబ చప్పుడు లేకుండా ఎగరడమే దాని వేట అంతటికీ ఆధారం కాబట్టి, ఈకలు చెడిన గూబ వేటకు పనికిరాదు. మేం వాడకంలో లేని ధాన్యం గదిని ఖాళీ చేసి, కిటికీలకు గోనె సంచులు కట్టి, కూర్చోవడానికి కట్టిన కర్రలకు కొబ్బరి తాడు చుట్టాం. నున్నటి కర్ర మీద చాలా కాలం కూర్చుంటే పక్షి పాదాల కింద పుండ్లు పడతాయి. పక్క గదిలో టీవీ ఆపేశాం. చీకట్లో ఎలుక కదలికను చెవితోనే పసిగట్టే జీవికి మన ఇంటి మామూలు శబ్దాలు కూడా భరించలేనివే.

మేత విషయంలో పాలు, రొట్టె, అన్నం అన్నవి అసలు ఆలోచించవద్దు. కోడి మాంసం ముక్కలు కూడా ఒకటి రెండు పూటలకు మించి చాలవు. గుడ్లగూబ ఎలుకను బొచ్చు, ఎముకలతో సహా మింగి, అరగని భాగాన్ని ఉండగా చుట్టి నోటి ద్వారా బయటకు కక్కుతుంది. ఆ ఉండ పడిందంటే కడుపు సరిగా పనిచేస్తోందని అర్థం. మొదట వైద్యుడు ద్రవాలు ఎక్కించి, పక్షి కాస్త తేరుకున్నాకే చిన్న ముక్కలతో మేత మొదలుపెట్టించారు. ఆ ఉండ మొదటిసారి నేల మీద కనిపించిన ఉదయం ఇంట్లో అందరం పండగలా సంతోషించాం.

అయితే ఎలుకలు ఎక్కడివన్నది చాలా ముఖ్యం. మా వైపు పొలాల్లో ఎలుకల కోసం 96 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమోడయోలోన్ మందు కలిపి కన్నాల్లో పెడతారు. ఆ మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది, అలాంటి ఎలుకను తిన్న గుడ్లగూబకు కూడా ఆ విషం చేరుతుంది. అందుకని మందు పెట్టని పొలంలో ఎలుక బుట్టలు పెట్టే వారితో మాట్లాడి, బుట్టల్లో పడిన ఎలుకలనే తీసుకున్నాం. ఎలుక జ్వరం భయం ఉంటుంది కాబట్టి చేతికి తొడుగులు లేకుండా వాటిని ముట్టుకోలేదు.

మేత పెట్టే మనిషి ఒక్కడే ఉండాలని, పలకరించకూడదని, నిమరకూడదని మొదటి రోజే ఇంట్లో చెప్పాను. మా పిల్లలకు ఇది కష్టంగా తోచింది. నిమిరితే కళ్లు మూసుకునే పక్షిని చూసి అది మనల్ని ఇష్టపడుతోందని అనుకుంటాం, కానీ పట్టుబడిన అడవి జీవి చాలాసార్లు భయంతోనే అలా నిశ్చలంగా ఉండిపోతుంది. ఆ భయమే చంపగలదు కూడా. 1900 తరువాత ఎవరికీ కనిపించకుండా పోయిన కలివికోడి అనే అరుదైన పక్షి 1986 జనవరిలో కడప జిల్లాలో సజీవంగా దొరికినప్పుడు దేశమంతా ఆనందించింది, కానీ పట్టుబడిన ఆ ఒక్క పక్షి కొద్ది రోజుల్లోనే చనిపోయింది. అడవి జీవి మన చేతిలో గడిపే ప్రతి గంటా దానికి భారమే అని నేను గట్టిగా నమ్ముతాను.

గుడ్లగూబ ఇంట్లోకి వస్తే ఇల్లు విడిచిపెట్టాలన్న నమ్మకం మా ఊళ్లో ఇంకా ఉంది. మా నాయనమ్మ చాలా బాధపడింది, పొరుగింటి పెద్దమ్మ శాంతి చేయించమంది. వారితో నేను వాదించలేదు. 'నాయనమ్మా, ఇది మన చేలో ఎలుకలు తినే పిట్ట, దెబ్బ తగిలి వచ్చింది, బాగవగానే పంపించేస్తాం' అని మాత్రం చెప్పాను. చేలలో పక్షులు వాలడానికి కర్రలు పాతమని వ్యవసాయ శాఖ చెబుతుందని, ఆ కర్రల మీద రాత్రి వాలేది ఈ గూబలేనని తెలిశాక ఆమె మెత్తబడింది. ఊరి పెద్దలను వెంట నిలుపుకోకపోతే ఇలాంటి పని సగంలోనే ఆగిపోతుంది.

వదలడానికి ముందు వైద్యుడు మూడు సంగతులు చూశారు. గది ఈ చివర నుంచి ఆ చివరకు రెండు రెక్కలూ సమంగా ఆడిస్తూ ఎగురుతోందా, ఎగిరేటప్పుడు చప్పుడు వస్తోందా, చీకట్లో వదిలిన బతికున్న ఎలుకను తనంతట తాను పట్టుకుంటోందా. మూడవది తేలడానికే ఎక్కువ సమయం పట్టింది. గుడ్లగూబ ఈకలు త్వరగా నానిపోతాయి కాబట్టి వాన లేని రోజు చూసుకుని, పగలైతే కాకులు మూగి తరుముతాయి కాబట్టి మునిమాపు వేళ, దొరికిన చోటికి దగ్గరలోనే, అటవీ శాఖ సిబ్బంది సమక్షంలో వదిలాం. చాలా దూరం తీసుకెళ్లి అడవిలో వదలడం మేలు చేయడం కాదు, ఎందుకంటే అక్కడ అప్పటికే వేరే గూబలు తమవిగా కాచుకునే వేట హద్దులు ఉంటాయి, ఎలుకలు ఎక్కడ దొరికేదీ దీనికి తెలియదు.

మీకు దొరికింది గాయం లేని పిల్ల అయితే ఇదంతా వర్తించదు. చెరకు, వరి కోతల్లో చిరుతపిల్లలని కంగారుపడే వాటిలో చాలా వరకు అడవిపిల్లి కూనలే. గాయం లేకపోతే వాటిని అక్కడే ఉంచి, మనుషులను, కుక్కలను దూరంగా పంపితే తల్లి రాత్రికి వచ్చి నోట కరచుకుని తీసుకుపోతుంది. గూట్లోంచి పడిన గుడ్లగూబ పిల్లను తిరిగి గూట్లో పెట్టినా తల్లి వదిలేయదు, మనిషి చేయి తగిలితే తల్లి ముట్టదన్నది అపోహ. తల్లి చనిపోయిందని కచ్చితంగా తెలిస్తేనే, లేదా రక్తం కారుతుంటేనే, ఈగలు ముసురుతుంటేనే చేతిలోకి తీసుకోండి. రెక్క ఎప్పటికీ బాగుపడదని వైద్యుడు చెప్పిన సందర్భంలో ఏం చేయాలో వైద్యుడు, అటవీ శాఖ కలిసి నిర్ణయించాలి గాని, ఇంట్లో శాశ్వతంగా ఉంచుకోవడం చట్టరీత్యా కుదరదు.

ఆ చెరువు రైతుతో తరువాత మాట్లాడాం. ఆయన దారాలు పూర్తిగా తీయలేనన్నారు, అది న్యాయమే, పెట్టుబడి అంతా ఆ నీళ్లలోనే ఉంది. తెగి వేలాడే దారాలను ఎప్పటికప్పుడు ఏరేయడానికి, మిగిలిన వాటికి అడుగడుగునా మెరిసే రిబ్బను ముక్కలు కట్టడానికి ఒప్పుకున్నారు. మీ ఊళ్లోనూ చెరువులుంటే గట్టు మీది దారాలను ఒకసారి చూసి రండి, తెగిపోయి వేలాడుతున్నవి ఉంటే రైతును అడిగి కత్తిరించండి.