సెన్సర్‌లో తేడా ఉంటే షరతు ఉల్లంఘన కానట్లేనా?

ప్రశ్న: రెండు మీటర్ల మందం గల పునాదికి కాంక్రీటు వేశాం. లోపలి ఉష్ణోగ్రత 70 డిగ్రీల సెల్సియస్ దాటరాదని ఒప్పందంలో ఉంది. మధ్యలో పాతిన కె-టైప్ థర్మోకపుల్ (రెండు లోహపు తీగలతో ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్) 71.5 చూపిందని యజమాని బిల్లు మొత్తం ఆపేశారు. ఆ సెన్సర్‌కు 2.5 డిగ్రీల వరకు తేడా ఉండవచ్చని తయారీదారు పత్రంలోనే ఉంది. పైగా దాన్ని సరిగా అమర్చలేదు. మా వాదన నిలుస్తుందా?

జవాబు: ఈ రెండు కారణాలతోనే నిలవడం కష్టం. సివిల్ వివాదంలో ఉల్లంఘనను నిస్సందేహంగా రుజువు చేయనక్కరలేదు, ఏది జరిగి ఉండడానికి ఎక్కువ అవకాశం ఉందో చూస్తారు. అసలు ఉష్ణోగ్రత 69 కావచ్చు, 74 కూడా కావచ్చు. మొగ్గు మాత్రం 70కి పైనే ఉంటుంది. కొలతలోని అనిశ్చితిని ఎవరు భరించాలో ఒప్పందం చెబితే మాత్రం ఆ నిబంధనదే తుది మాట.

అమరిక లోపం గురించి, అది ఎటువైపు తప్పుకు దారితీసిందో తేలకముందే, జవాబు నోటీసులో రాయకండి. తీగను పాతిన చోటినుంచి నేరుగా చల్లని ఉపరితలానికి లాగి ఉంటే, వేడి ఆ లోహం వెంట బయటికి పోయి, సెన్సర్ అసలు కంటే తక్కువే చూపుతుంది. అప్పుడు మీ వాదన యజమానికే ఉపయోగపడుతుంది.

మీకు నిజంగా పనికొచ్చేది లాగర్ (సెన్సర్ కొలతలను నమోదు చేసే పరికరం) రికార్డు కావచ్చు. థర్మోకపుల్ కొలిచేది తీగ రెండు చివరల మధ్య ఉష్ణోగ్రత తేడానే. లాగర్ తన టెర్మినల్ (తీగను బిగించే చోటు) ఉష్ణోగ్రతను దానికి కలిపి అంకె చూపుతుంది. లాగర్ ఎండలో ఉండి, ఆ టెర్మినల్ లెక్క తప్పితే చివరి అంకె కూడా తప్పుతుంది. అంత మందమైన కాంక్రీటు నడిమధ్యకు పగటి ఎండ, రాత్రి చలి దాదాపు చేరవు కాబట్టి, గ్రాఫు నునుపుగా పెరిగి తగ్గాలి. రోజూ మధ్యాహ్నం మూపురంలా లేస్తుంటే అనుమానించవలసింది లాగర్‌నే. పాతిన సెన్సర్‌ను వెలికి తీయలేరు. అదే చుట్టలో మిగిలిన తీగను, అదే లాగర్‌ను కలిపి గుర్తింపు పొందిన ప్రయోగశాలలో 70 డిగ్రీల దగ్గర క్యాలిబ్రేట్ చేయించండి. ఎన్ని డిగ్రీలు ఎక్కువ చూపుతోందో ఆ ధృవపత్రం చెబితే, అది తయారీదారు పత్రం కంటే చాలా బలమైన సాక్ష్యం.

ఉల్లంఘన రుజువైనా, మొత్తం బిల్లు ఆపడానికి ఒప్పందం అనుమతిస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఈ పరిమితి సాధారణంగా ఎట్రింగైట్ అనే ఖనిజం కాంక్రీటులో ఆలస్యంగా ఏర్పడి పగుళ్లు రాకుండా పెట్టేది. ఆ ముప్పు సిమెంటు రకం, తేమ మీద కూడా ఆధారపడుతుంది. కాబట్టి నష్టం ఏమిటో చూపమని యజమానిని అడగవచ్చు. ఈలోగా లాగర్‌లోని మూల ఫైలును మార్చకుండా భద్రపరచండి.