వ్యామ్‌లోని బ్యాక్టీరియా తెగులా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో మేడమీద టమాటా కుండీలకు వ్యామ్ (వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రం ఉన్న జీవన ఎరువు పొడి) వాడుతున్నాం. ఆ శిలీంధ్రం కణాల్లోనే బ్యాక్టీరియా ఉంటుందట, నిజమేనా? కడిగితే పోతుందా?

జవాబు: నిజమే, కానీ అది తెగులు కాదు. అన్ని వ్యామ్ శిలీంధ్రాల్లోనూ ఉండదు. గిగాస్పోరా మార్గరీటా అనే వ్యామ్ శిలీంధ్రంలో ఉండే బ్యాక్టీరియా సిద్ధబీజాల ద్వారానే తరువాతి తరానికి చేరుతుంది. పైన కడిగితే లోపలిది పోదు. దాని జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) చిన్నది, సుమారు 17 లక్షల బేస్ జతలే. పోషకాల కోసం శిలీంధ్రం మీదే బతుకుతుంది కనుక విడిగా కొని కలిపేది కాదు. ఈ బ్యాక్టీరియా లేని సిద్ధబీజాలూ మొలకెత్తుతాయి, కానీ వేరు దొరికేలోపు శిలీంధ్రపు పోగులు అంత దూరం సాగవు. ఎంత అందమైన పొత్తు!

మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది. నారు నాటేటప్పుడే పొడిని గుంటలో, వేళ్లకు తగిలేలా వేయండి. పైన చల్లితే చాలావరకు వృథా. భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ ఎరువు ఎక్కువైతే మొక్క శిలీంధ్రాన్ని రానివ్వదు. శిలీంధ్రాలను చంపే మందు కార్బెండజిమ్ మట్టిలో పోయకండి.