గూడ్స్ లైనుకి పబ్లిక్ హియరింగ్ ఎప్పుడు పెడతారు, అక్కడ ఏం మాట్లాడాలి?

సర్వే రాళ్ళు పాతేరు, ఇంక పర్యావరణ అనుమతి కోసం ఊళ్ళో మీటింగ్ పెడతారు కదా, అప్పుడు అడుగుదాం అని మీ ఊరోళ్ళు ఆగేరని రాసేరు. ఆగకండి. ఆ మీటింగ్ చాలావరకు ఉండదు.

2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ షెడ్యూల్లో ఏ ప్రాజెక్టుకి ముందస్తు అనుమతి కావాలో రాసుంటాది, అందులో పోర్టులున్నాయి, ఎయిర్‌పోర్టులున్నాయి, థర్మల్ ప్లాంట్లు, గనులు, హైవేలు ఉన్నాయి, రైల్వే లైను మాత్రం లేదు. మూలపేట పోర్టు లాంటిదైతే ముప్పై రోజుల ముందు పేపర్లో వేసి, టెంటేసి, కలెక్టరు గారో ఆయన తరఫున ఇంకొకరో కూర్చుని, వీడియో తీస్తూ జనం మాట వినాలి. ఉత్త రైలు పట్టాలకి ఆ రూలు లేదు. మనోళ్ళకి ఈ సంగతి ఎందుకు తెలీదంటే సోంపేట బీల (చిత్తడి నేల)లో థర్మల్ ప్లాంటు గొడవ, 2010 జూలై 14 కాల్పులు, మరుసటేడు ఫిబ్రవరిలో కాకరాపల్లి థర్మల్ ప్లాంటు దగ్గర కాల్పులు, అవన్నీ చూసిన తరం మనది, ఏ ప్రాజెక్టొచ్చినా ముందు హియరింగ్ ఉంటాదని బుర్రలో పడిపోయింది.

అయితే లైను అడవి భూమిలోంచి పోతే అటవీ అనుమతి కావాలి (1980 చట్టం, 2023లో పేరు మార్చేరు), అది రెండు స్టేజీల్లో వస్తాది, కాయితాలు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో కనపడతాయి. నౌపడ ఉప్పుమళ్ళ వైపు లాగ సముద్రపు పాయల దగ్గర అయితే సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ రూల్స్) చూసుకోవాలి. మీది ఉత్త పల్లపు పొలాలంటున్నారు కాబట్టి ఇవి రెండూ మీకు పెద్దగా పనికిరావు.

మీకు పనికొచ్చేది భూసేకరణ నోటీసు. ముందు అది ఏ చట్టం కింద వచ్చిందో చూడండి. స్పెషల్ రైల్వే ప్రాజెక్టు అని ప్రకటిస్తే రైల్వే చట్టం 20ఏ కింద వస్తాది, 20డి కింద అభ్యంతరం పెట్టడానికి 30 రోజులే, అవి కూడా గెజిట్లో వేసిన రోజు నుంచి లెక్క, మీరు పేపర్లో చూసిన రోజు నుంచి కాదు. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 11 కింద అయితే 60 రోజులుంటాది. 20డి కింద రాతపూర్వకంగా పెట్టినోళ్ళని పిలిచి వినాలి, మీరెళ్ళొచ్చు, లాయర్నయినా పంపొచ్చు. ఆ తర్వాత 20ఈ డిక్లరేషన్ వచ్చిందంటే భూమి కేంద్రానిది అయిపోయినట్టే, ఇంక కొట్లాటంతా డబ్బు మీదే.

మాది బొబ్బిలి వైపు పల్లె, మా దగ్గర ఇలగే ఒక లైను పని జరిగినప్పుడు రెండు రకాల అర్జీలు పడ్డాయి. ఒకటి ఊరంతా సంతకాలెట్టి "మాకీ లైను వద్దు" అన్న ఒక్క పేజీ. దానికి ప్రజాప్రయోజనం అని నాలుగు లైన్లలో జవాబొచ్చి అక్కడితో సరి. రెండోది మా పెదనాన్న, ఇంకో నలుగురు రైతులు వేసింది, అందులో లైను వద్దనలేదు, ఫలానా సర్వే నంబర్ల మధ్య గెడ్డ వర్షాకాలంలో రెండు పాయలవుతాది, మీ డ్రాయింగులో ఒక పాయే ఉంది, రెండోదానికి తూము లేకపోతే కట్ట ఎగువనున్న పొలాలు మునుగుతాయి, దిగువ చెరువుకి నీళ్ళు రావు అని రాసి, పాత ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు, తుఫాను నాటి ఫోటోలు అంటించేరు. ఆ సర్వే ఎండాకాలంలో చేసినట్టుంది, అప్పుడు రెండో పాయలో గొర్రెలు మేస్తాయి మరి! జాయింట్ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన పెదనాన్నతో గట్టు మీద నడిచి చూసి రాసుకెళ్ళేరు, కల్వర్టు ఒకటి పెరిగింది. సబ్‌వే (పట్టాల కింద దారి) సంగతి మాత్రం ఎవరూ రాయలేదు, ఇప్పుడు వానొస్తే అందులో మోకాటి లోతు నీళ్ళు, పిల్లలు బడికి చుట్టూ తిరిగి పోతారు.

పెదనాన్న అర్జీలో బలం ఎక్కడుందంటే రైల్వే చట్టం 1989, సెక్షన్ 16లో. లైను వేయకముందు నీళ్ళు ఎంత స్వేచ్ఛగా పారేవో వేసేక కూడా అంతే పారేలా కల్వర్టులు, కాలవలు కట్టాలని, భూమి వాడకానికి అడ్డం పడితే దాటడానికి దారులివ్వాలని అందులో ఉంది, ఖర్చు రైల్వేదే. లైను పడ్డాక ఇవి చాలవని సెక్షన్ 17 కింద ఇంకా అడగొచ్చు కానీ అప్పుడు ఖర్చు అడిగినోళ్ళ నెత్తిన పడతాది. తూములన్నీ ఇప్పుడే అడగమనేది అందుకే.

కాబట్టి అర్జీలో గెడ్డలు, పంటకాలవలు, పశువుల డొంక, శ్మశానం దారి ఒక్కోటి సర్వే నంబరుతో రాయండి. సబ్‌వే అడిగితే ఎత్తు, వెడల్పు కూడా అడగండి, గడ్డిలోడు ట్రాక్టరు, వరికోత మిషను పట్టాలి కదా, నీళ్ళు బయటికి పోయే దారి కూడా డ్రాయింగులో చూపించమనండి. గూడ్స్ లైనులో ఇంకోటుంది, 59 వ్యాగన్ల బొగ్గు రైలు ఇంచుమించు 650 మీటర్ల పొడుగు, సిగ్నల్ లేక అది ఆగిందంటే గేటు అవతలోళ్ళు అవతలే. లూప్ లైను (రైలు పక్కన ఆగే పట్టా), సైడింగ్ (సరుకు ఎక్కించి దింపే పట్టా) ఎక్కడొస్తాయో అడగండి, బొగ్గు దుమ్ము గొడవ ఎక్కువ అక్కడే.

పరిహారం 2013 చట్టం లెక్కే, 100 శాతం సొలేషియం (పరిహారం మీద అదనంగా ఇచ్చే సొమ్ము)తో, అది వేరే కథ. డి-పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన) భూములోళ్ళు, కౌలు రైతులు మనకేటి సంబంధం అని ఊరుకోకుండా పేర్లు పెట్టించుకోవాలి. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకోండి, వాళ్ళు తీసుకోం అంటే ఆరోజే స్పీడ్ పోస్టు చేసేయండి. నోటీసు వచ్చుంటే గెజిట్ తేదీ, సెక్షను కింద రాయండి, ఎన్ని రోజులు మిగిలేయో చూసి చెప్తాను.