వంట గురించి రాసి బతకాలనుకుంటున్న నీకు

చిట్టితల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉద్యోగం మానేసి ఫ్రీలాన్స్ ఫుడ్ రైటర్‌గా స్థిరపడతానన్నావు. మీ అమ్మకు టెన్షన్‌గా ఉందని రాశావు, అది సహజమే. నేను ఆగిపోయింది మాత్రం నువ్వు చివర్లో అడిగిన ప్రశ్న దగ్గర. "పెద్దమ్మా, ఒక్క రకం వంటనే పట్టుకోవాలా, నాకిష్టమైనవన్నీ రాయొచ్చా? అన్నీ రాస్తే దేంట్లోనూ లోతు లేదనుకుంటారేమో" అన్నావు. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి సూటిగా చెప్తాను. అన్నీ రాయి. కాకపోతే ఏది రాసినా నీ పొయ్యి మీద పెట్టి చూశాకే రాయి. లోతు అక్కడ్నుంచే వస్తుంది. ఒకే వంటను పట్టుకుని కూర్చున్నంత మాత్రాన రాదు.

మొదట్లో నేను కూరగాయల్ని ఉప్పులో ఎందుకు ఊరబెడతారన్న విషయం మీద ఒక చిన్న వ్యాసం ఒప్పుకున్నాను. ఉప్పు కూరగాయల్లోని నీటిని బయటికి లాగుతుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవుల్ని అణిచి, లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియాకు చోటిస్తుంది. ఆ పులుపే తర్వాత కాపలా కాస్తుంది. వ్యాసానికి అంత చాలు. కానీ రాస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన: ఇవేవీ తెలియని రోజుల్లో ఇదంతా మనుషులు ఎలా కనిపెట్టారు? ఆ ప్రశ్న పట్టుకుని వెళ్తే నికొలా అపేర్ అనే ఫ్రెంచ్ వంటవాడు కనిపించాడు. గాజు సీసాల్లో ఆహారం పెట్టి, గట్టిగా మూసి, నీళ్లలో మరిగించి నిలవచేసే పద్ధతిని ఆయన 1810లో ప్రచురించాడు. ఆహారం చెడిపోవడానికి సూక్ష్మజీవులు కారణమని పాశ్చర్ అనే శాస్త్రవేత్త తేల్చింది ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు. అంటే ఎందుకు పాడవడం లేదో తెలియకుండానే పాడవకుండా చేయగలిగాడన్నమాట. అక్కడ్నుంచి ఉప్పు పన్నుల చరిత్రలోకి, రుచి శాస్త్రంలోకి వెళ్లాను. సముద్రపు నాచుతో కాచిన రసంలో ఆ కమ్మదనం ఏమిటని వెతికి, 1908లో గ్లుటమేట్ అనే పదార్థాన్ని పట్టుకుని, దాని రుచికి ఉమామి అని పేరు పెట్టిన జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా గురించి చదివాను. ఒక్క ఉప్పు నాకు కొన్నేళ్ల పని ఇచ్చింది. కాబట్టి ఏ వంట ఎంచుకోవాలని మథనపడకు. నిన్ను వదలని ప్రశ్న ఒకటి పట్టుకో. అది తీసుకెళ్లిన చోటికల్లా వెళ్లు. చూసేవాళ్లకు నీ వ్యాసాలు దేనికది వేరుగా ఉన్నట్టే ఉంటాయి, నీకు మాత్రం వాటి మధ్య దారి తెలిసే ఉంటుంది.

ఇప్పుడు కొలతల సంగతి. ఇది కాస్త ఓపిగ్గా చదువు, ఎందుకంటే ఈ పాఠం నేను చాలా బాధపడి నేర్చుకున్నాను. ఒకసారి నా రెసిపీలో "రెండు చెంచాల ఉప్పు" అని రాశాను. నేను వాడింది గుల్లగా, పెద్ద పలుకులుగా ఉండే ఉప్పు. అది రాయాలని తట్టలేదు. ఒకావిడ తన ఇంటికి వచ్చిన చుట్టాల కోసం అదే వండి, నోట పెట్టలేక అంతా పారబోశానని ఉత్తరం రాసింది. ఆవిడ కోప్పడలేదు. "నేనేం తప్పు చేశానో చెప్పగలరా?" అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సన్నటి ఉప్పు ఒక టీస్పూను దాదాపు 6 గ్రాములు తూగుతుంది. గుల్ల ఉప్పు అదే చెంచా నిండా తీసుకున్నా అందులో సగం బరువే తూగొచ్చు. తప్పు ఆవిడది కాదని, నాదని జవాబు రాసి, మర్నాడే చిన్న తూకం మిషన్ కొన్నాను. గోధుమపిండి కూడా అంతే. చెంచాతో వదులుగా నింపితే కప్పు 120 గ్రాములు ఉంటుంది, డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పోతుంది. ఆ తేడాకే కేకు గట్టిపడిపోతుంది. అందుకే బరువు రాయి. గిన్నె వెడల్పు రాయి. మంట ఎంతో రాయి. "ఉడికేవరకు" అని వదిలేయకుండా, ఉడికితే ఎలా కనిపిస్తుందో, ఏ వాసన వస్తుందో, గరిటెకు ఎలా తగులుతుందో రాయి. నిమిషాలు ఇంటింటికీ మారతాయి, గుర్తులు అంతగా మారవు. ఎత్తైన కొండప్రాంతంలో ఉండేవాళ్లు కూడా నీ రెసిపీ చదువుతారు. 3,000 మీటర్ల ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అక్కడ పప్పుదినుసులు నీ లెక్కకు ఉడకవు.

తప్పు రాస్తే వంట చెడటంతో ఆగని సందర్భాలూ ఉన్నాయి. ఎర్ర రాజ్మా గింజల్లో ఒక విషపదార్థం ఉంటుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లే మరుగులో ఉడికిస్తేనే అది పోతుంది. మరగనివ్వకుండా సన్నటి వేడి మీద గంటలకొద్దీ ఉంచితే పోకపోగా విషం ఇంకా పెరగొచ్చు. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టకూడదు. ఇలాంటివి నీ రెసిపీలో ఎక్కడ తగిలినా, ఎడిటర్ చోటు లేదన్నా సరే, ఆ వాక్యం మాత్రం తీయనివ్వకు.

ఇక నమ్మకంగా అందరూ చెప్పే మాటల గురించి. మాంసాన్ని ముందుగా పెద్ద మంట మీద కాలిస్తే రసం లోపలే ఉండిపోతుందంటారు. 1840ల్లో లీబిగ్ అనే పెద్ద రసాయన శాస్త్రవేత్త చెప్పిన మాట అది, ఇప్పటికీ వంట పుస్తకాల్లో తిరుగుతూనే ఉంది. కాల్చిన ముక్కను పళ్లెంలో పెట్టి చూడు, అడుగున రసం కారుతూనే ఉంటుంది. కాల్చడం వల్ల వచ్చేది రంగు, వాసన. దాని వెనకున్న రసాయన చర్యను 1912లో మయార్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త వివరించాడు. నాలుక కొసకు తీపి, వెనక భాగానికి చేదు అని బొమ్మ గీసి చూపిస్తారు కదా, అదీ అంతే. 1901 నాటి ఒక జర్మన్ పరిశోధనను తర్వాతివాళ్లు సరిగ్గా అర్థం చేసుకోకపోవడం వల్ల పుట్టింది. రుచులన్నీ నాలుకంతా తెలుస్తాయి. రోమన్ సైనికులకు జీతం ఉప్పుగా ఇచ్చేవారన్న కథ నేనూ ఒకప్పుడు రాయబోయాను. జీతానికి లాటిన్‌లో ఉన్న మాటకు ఉప్పుతో సంబంధం ఉంది గానీ, సైనికులకు ఉప్పే కొలిచి ఇచ్చినట్టు ఆ కాలపు రాతల్లో ఆధారం లేదు. కథ ఎంత బాగుంటే అంత ఎక్కువగా వెతుకు. చరిత్ర రాసేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే తిండి చరిత్రలో కమ్మటి అబద్ధాలు చాలా ఉన్నాయి.

డబ్బు మాట. వ్యాసాల మీదే ఇల్లు నడవదు, ఇది మీ అమ్మకూ చెప్పు. నేను పక్కన ఎప్పుడూ ఇంకేదో ఒకటి చేస్తూనే ఉన్నాను. వేరేవాళ్ల రెసిపీలు వండి సరిచూడటం, వంట పుస్తకాలు ఎడిట్ చేయడం, మెనూలకు మాటలు రాయడం, బాగా వండగలిగినా రాయలేని షెఫ్‌ల తరఫున రాసిపెట్టడం. ఇవి చిన్న పనులని అనుకోకు. నా వాక్యం బాగుపడింది ఎక్కువగా ఇతరుల రెసిపీలు సరిచూడటం వల్లే. పని ఒప్పుకునే ముందు నాలుగు సంగతులు రాతలో తీసుకో: ఎన్ని పదాలు, ఎంత డబ్బు, ఎప్పుడిస్తారు, హక్కులు ఎవరివి. దినుసుల ఖర్చు ఎవరిదో కూడా అడుగు. వ్యాసం ఒప్పుకుని, చివరికి వేయకపోతే ఎంతో కొంత ఇచ్చేలా ముందే మాట్లాడుకో. ఒక పత్రిక నాతో ఆరు వ్యాసాలు రాయించుకుని, వేయకుండా, డబ్బూ ఇవ్వకుండా ఊరుకుంది. కాగితం మీద ఏమీ లేదు కాబట్టి గట్టిగా అడగలేకపోయాను. హక్కులన్నీ ఒకేసారి ఇచ్చేయకు. మొదటిసారి అచ్చు వేసుకునే హక్కు మాత్రమే ఇవ్వగలిగితే, అదే వ్యాసం పదేళ్ల తర్వాత నీ పుస్తకంలోకి వస్తుంది.

దినుసుల జాబితా మీద సాధారణంగా ఎవరికీ కాపీరైట్ ఉండదు. అలాగని ఎవరి దగ్గరో నేర్చుకున్నది నీ పేరు మీద వేసుకోకు. నేర్పినవాళ్ల గురించి, వాళ్లు ఒప్పుకుంటే, ఒక్క వాక్యమైనా రాయి. నాకు వంటింట్లో నిలబెట్టి చూపించిన ఆడవాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా అచ్చుకాలేదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

హోటల్ గురించి రాసేటప్పుడు, వాళ్లు ఉచితంగా తినిపిస్తే ఆ సంగతి పాఠకులకు చెప్పేసెయ్. ఒక్కసారి తిని తీర్పు ఇవ్వకు, రెండో రోజు ఇంకోలా ఉండొచ్చు.

ఉల్లిపాయల మీద వ్యాసం మొదలుపెట్టానన్నావు కదా. చాలామంది అవి 10 నిమిషాల్లో బాగా ఎర్రబడి తియ్యబడతాయని రాసేస్తారు. సన్నటి మంట మీద ముప్పావు గంట దాకా పడుతుంది. నువ్వు గడియారం పక్కన పెట్టుకుని మూడుసార్లు వేయించి, పాన్ వెడల్పు, ఉల్లిపాయల బరువు, ఏ నిమిషానికి ఏ రంగు వచ్చిందో రాసుకో. ఎడిటర్ కంటే ముందు నాకు పంపు. నువ్వు రాసింది రాసినట్టే చేసి చూస్తాను. మధ్యలో అనుమానం వచ్చినా నీకు ఫోన్ చేయను, అది వచ్చిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి తిప్పి పంపుతాను.

ప్రేమతో,
నీ పెద్దమ్మ