తగ్గింపు ధరకు కొన్న గేములలో నాకు గిట్టుబాటైనది ఒక్కటే

“ఈ మధ్య తగ్గింపు ధరకు కొని ఆడిన వీడియో గేములలో పెట్టిన డబ్బుకు తగినవి ఏవి, కొని బాధపడినవి ఏవి?” అని అడిగారు. ఇప్పటివరకు నేను ఆడిన గేములు ముప్పై దాటవు కానీ, కొన్నవి డెబ్బై పైనే ఉంటాయి. తగ్గింపు అమ్మకాల మహిమ అంతా ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే ఉన్నది కనుక, ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే అర్హత నాకున్నదనే అనుకుంటున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇక్కడ నాకు చిన్న జిరాక్సు దుకాణం ఉంది. దానితోపాటు ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా పూర్తిచేసి ఇస్తాను. పగలంతా ఇతరుల కాగితాలు చూసి, రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు దించి ఇంటికి వచ్చాక, పెద్ద గేములు నడవడానికి కావలసిన గ్రాఫిక్స్ కార్డు లేని ఒక పాత ల్యాప్‌టాప్ మీద గంటసేపు ఏదో ఒకటి ఆడుకుంటాను. ఇంటర్నెట్టులో కంప్యూటరు గేములు అమ్మే స్టీమ్ వారి వేసవి అమ్మకం జూన్ చివర మొదలై జూలైలోకి సాగుతుంది, అంటే అది మనకు సుమారుగా ఆషాఢమాసం. ఒకవైపు మా ఆవిడ ఆషాఢం తగ్గింపు చీరల కోసం సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్లివస్తుంటే, మరోవైపు నేను కుర్చీలోంచి కదలకుండానే యూపీఐతో ఆటలు కొంటూ ఉంటాను. కట్టని చీరలు బీరువాలో ఎన్ని ఉన్నాయని నేను అడిగితే, ఆడని ఆటలు ఆ పెట్టెలో ఎన్ని ఉన్నాయని ఆవిడ అడుగుతుంది కనుక, మా ఇంట్లో ఆ ప్రస్తావన ఎవరమూ తీసుకురాము. 2015కు ముందు స్టీమ్‌లో ధరలు డాలర్లలో ఉండేవి, వాటిని చూసి భయపడి దూరంగా ఉండేవాడిని. అవి రూపాయలలోకి మారిన నాటి నుంచి నాకు ఆ భయం పోయింది, దానితోపాటు కొంత బుద్ధి కూడా పోయింది.

బాధపడిన సంగతి ముందు చెప్పి వదిలించుకుంటాను. గుర్రాల మీద తిరిగే రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అనే గేమును, చాలా తగ్గించారు కదా అని, మారు ఆలోచన లేకుండా కొన్నాను. దానికి 150 జీబీల ఖాళీ కావాలని కొనే పేజీలోనే స్పష్టంగా రాసి ఉన్నది. అప్పట్లో మా ఇంట్లో ఉన్నది రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ఫోను ప్లాను మాత్రమే. భాగించి చూస్తే సరిగ్గా నూరు రోజులు వస్తుంది. అప్పటి ఉపాధి హామీ పనిలాగా ఆ ఆటకు నూరు దినాల మస్తరు కట్టవలసిందే. కొన్న 14 రోజుల లోపల, ఆడిన సమయం రెండు గంటలు దాటకపోతే డబ్బు తిరిగి ఇచ్చే నియమం ఒకటి ఉంది. నేను ఆడిన సమయం సున్నా అయినా, దింపుకోవడంలోనే 14 రోజులు గడిచిపోయాయి. ఇందులో అమ్మినవాడి తప్పు ఏమీ లేదు, కూడిక తీసివేతలు వచ్చి కూడా భాగహారం చేయకపోవడం నా తప్పు. చివరికి ఒక మిత్రుడి ఇంటి బ్రాడ్‌బ్యాండు పుణ్యమా అని ఆ ఆట నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కింది కానీ, అందులో గుర్రం ఒక అడుగు వేసేలోపల నేను ఒక గ్లాసు మంచినీళ్లు తాగి రాగలిగేవాడిని.

ఆ దెబ్బ తిన్న తరువాత నేను ఒక సూత్రం పెట్టుకున్నాను. తగ్గింపు ఎంత శాతం అన్నది చూడకూడదు. గేము ఎన్ని జీబీలు, దానిని ఎంతమంది కలిసి చేశారు అన్నదే చూడాలి. వందలమంది చేసిన గేములో ఎవరికీ చెప్పుకోదగిన మాట ఉండదు, ఒక్కడే కూర్చుని చేసినదానిలో ఆ మనిషి కనిపిస్తాడు. ఇది తప్పని వాదించేవారు ఉంటారు, వారి ఇళ్లలో మంచి గ్రాఫిక్స్ కార్డులు కూడా ఉంటాయి.

ఆ సూత్రం ప్రకారం మొదట కొన్నది స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే ఆయన నాలుగేళ్లకు పైగా ఒంటరిగా కష్టపడి 2016లో విడుదల చేసిన వ్యవసాయపు ఆట ఇది. బాగుంటుంది, మనసు నెమ్మదిస్తుంది, అందులో సందేహం లేదు. అయితే రైతు కుటుంబంలో దీనిని ఆడటం కష్టం. అందులో రుతువుకు 28 రోజులు, మొదట చేతికిచ్చే పార్స్‌నిప్ అనే దుంప విత్తనాలు నాలుగు రోజులలో పంటకు వస్తాయి, వరి నాటితే ఎనిమిది రోజులు, నీటి పక్కన నాటితే ఆరే. స్వర్ణ వడ్లు ఇంటికి రావడానికి దాదాపు ఐదు నెలలు ఎదురుచూసే మా మామయ్య ఒక సాయంత్రం నా వెనక నిలబడి చూసి, “ఆరు రోజుల వరి తిన్నోడికి ఆరు నాళ్లే ఆయుష్షు” అని తేల్చి వెళ్లిపోయాడు. ఆ తరువాత ఆయన ఇంట్లో ఉండగా నేను ఆ ఆట తెరవలేదు.

ఇక అసలు చెప్పదలచుకున్న గేముకు వస్తాను. పేపర్స్, ప్లీజ్ అనే ఆటను లూకాస్ పోప్ అనే ఆయన ఒక్కడే చేసి 2013లో విడుదల చేశాడు. దానికి కావలసిన చోటు 100 ఎంబీ, జీబీ కాదు. తగ్గింపులో నాకు రెండు వందల లోపే పడింది. అందులో మనం ఆర్‌స్టొట్‌జ్కా అనే కల్పిత దేశపు సరిహద్దు చెక్‌పోస్టులో గుమాస్తాలం. సమయం 1982 నవంబరు. ఆరేళ్ల యుద్ధం ముగిసి, గ్రెస్టిన్ అనే ఊరిలో సరిహద్దు తెరిచారు; ఆ ఊరి తూర్పు సగం మన దేశానిది, పడమటి సగం పొరుగుదేశానిది. వరుసలో వచ్చేవారి పాసుపోర్టులు చూసి, సరిగా ఉంటే ఆకుపచ్చ ముద్ర, లేకపోతే ఎర్ర ముద్ర వేయాలి. ఒక్కొక్కరికి ఐదు క్రెడిట్లు కూలి. సాయంత్రానికి ఆ కూలితోనే ఇంటి అద్దె, తిండి, చలిమంట అన్నీ వెళ్లాలి. ఇంట్లో భార్య, కొడుకు, అత్తగారు, ఒక మామ ఉంటారు.

ఈ ఆట మా ఊరి వారికి వేరుగా వివరించనక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, కూతవేటు దూరంలోని పాతపట్నం అటు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయింది. మేనమామ ఒక రాష్ట్రం, మేనల్లుడు ఒక రాష్ట్రం. నా దుకాణానికి వచ్చే కాగితాలలో సగం తగాదాలు పేర్లవే, ఎందుకంటే తెలుగువారు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడియా పద్ధతిలో అది చివరకు వెళుతుంది, ఆధార్‌లో ఒకలాగా, పదో తరగతి సర్టిఫికెట్టులో మరొకలాగా నమోదైన మనిషి తానే తానని రుజువు చేసుకోవడానికి అఫిడవిట్టు పెట్టుకోవలసి వస్తుంది. ఆ ఆటలో పాసుపోర్టు మీద ఇంటిపేరే ముందు ఉంటుంది, తరువాత కామా, ఆ తరువాత పేరు. అది చూసినప్పుడు ఆ లూకాస్ పోప్ మా వాడే అనిపించింది.

అయితే ఆ ఆటను నాకు గిట్టుబాటు చేసింది మా నాన్నగారు. ఆయన సరిహద్దు పన్నుల చెక్‌గేటులో గుమాస్తాగా చాలా ఏళ్లు పనిచేశారు. జీఎస్టీ వచ్చిన 2017 ప్రాంతంలో ఆ గేట్లు ఎత్తివేసేనాటికే పదవీ విరమణ పొందారు. అప్పటి నుంచి ఆయనకు రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టదు, ఎందుకంటే గేటులో రాత్రి డ్యూటీలే ఎక్కువ. మొన్నటి ఆషాఢంలో ఒక వానరాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టరు బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, దానిని మార్పించమని మా ఆవిడ అడగడం, ఆ డబ్బుతో నేను గేములు కొనడం ప్రతి ఏడూ జరిగేదే. ల్యాప్‌టాప్‌లో నలభై శాతం ఛార్జి ఉండగా ఆ ఆట ఆడుతూ, వరుస తొందరగా కదలాలన్న ఆత్రంతో ముద్రలు టపటపా వేసేస్తున్నాను.

వెనక నుంచి నాన్నగారి గొంతు వినిపించింది. “ఏటిరా, అప్పుడే ముద్ర కొట్టేశావు? ఇచ్చిన ఊరి పేరు చూశావా?”

చూడలేదు. ఏ దేశం పాసుపోర్టులు ఏ ఊళ్లలో ఇస్తారో ఆ ఆటలోని నియమాల పుస్తకంలో ఉంటుంది. గ్లోరియన్ అనే ఊరు ఆంటెగ్రియాలో ఉంది, ట్రూ గ్లోరియన్ అనేది రిపబ్లియాలో ఉంది. నేను రిపబ్లియా పాసుపోర్టు మీద ఉత్త గ్లోరియన్ అని ఉన్నవాడిని లోపలికి పంపించేశాను. నేను తలతిప్పి చూసేలోపలే యంత్రం కటకటమంటూ తప్పు చీటీ బయటికి తోసింది. నాన్నగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. ఆ రోజు మొదలు మౌసు నాది, చూపు ఆయనది.

ఆయన చూసే పద్ధతి నాకు పూర్తిగా కొత్త. నేను మొదట ఫోటో చూస్తాను. ఆయన ఫోటో చిట్టచివర చూస్తారు. ముందు తేదీ, తరువాత ముద్ర, తరువాత ఊరు, తరువాత నంబరు. “మొహం అబద్ధం ఆడితే తెలిసిపోద్ది, అందుకని మొహం దిద్దుకునే వస్తారు. తేదీ దిద్దుకోవడం ఎవడికీ గుర్తుండదు” అన్నారు. గోడ మీద గీసిన ఎత్తు గీతలకూ, గుర్తింపు కార్డులో రాసిన ఎత్తుకూ మధ్య తేడాను నేను కొలతబద్దతో వెతుకుతూ ఉండగా, ఆయన లారీ మీది లోడును అంచనా కట్టినట్లు ఒక్క చూపుతో చెప్పేసేవారు. సొంతంగా రంగుపెన్సిలుతో గీసుకున్న పాసుపోర్టు పట్టుకుని, లేని దేశం పేరు చెప్పుకుంటూ జోర్జీ అనే ముసలాయన ఒకడు వస్తాడు. అతన్ని చూసి నాన్నగారు నవ్విన నవ్వుకు లోపల మా ఆవిడ లేచింది. అలాంటివాడు తమ గేటుకు కూడా ఒకడు వచ్చేవాడట, అతని వే బిల్లు సిగరెట్టు పెట్టె అట్ట మీద ఉండేదట.

ఆటలోని ఐదో రోజున ఒక భర్త వస్తాడు. అతని కాగితాలన్నీ సవ్యంగా ఉంటాయి. తన వెనకే భార్య వస్తున్నదని, ఆమెను దయతో చూడమని వేడుకుని లోపలికి వెళతాడు. తరువాత వచ్చిన ఆమె దగ్గర పాసుపోర్టు ఉన్నది, ప్రవేశ పర్మిట్టు లేదు. వెనక్కి పంపితే ప్రాణాలు దక్కవని చెబుతుంది. తేదీ తేడాకు కూడా ఎర్ర ముద్ర వేయించిన మా నాన్నగారు ఏమంటారో అని నేను మౌసు మీది చేయి కదపకుండా కూర్చున్నాను.

“ఈ పూట తప్పులెన్ని అయ్యాయి?” అని అడిగారు.

“ఒక్కటీ లేదు నాన్నగారూ” అన్నాను.

“మొదటి రెండిటికీ జీతం కోత లేదన్నావు కదా. మరి ఆ రెండూ దేనికిచ్చారనుకున్నావు? పచ్చది కొట్టు.”

కొట్టాను. చీటీ వచ్చింది, కోత పడలేదు. ఆయన చాలాసేపు తెరవైపే చూస్తూ ఉండి, ఒకసారి పెళ్లి సామాను వేసుకుని వచ్చిన ఒక వ్యాను సంగతి ఎత్తబోయి, ఎందుకో మధ్యలో ఆపేసి, తరువాతి మనిషిని పిలవమన్నారు. ఆ వ్యాను సంగతి నేను ఇప్పటికీ అడగలేదు. ఇంతలో బ్యాటరీ అయిపోయింది.

గేములు వ్యసనమని, కాలహరణమని ఇలాంటి ప్రశ్నలకు సమాధానాలు రాసేవారు చాలామంది ఉన్నారు. వారు ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో తండ్రితో ఉండి, ఆయన ఉద్యోగంలో రోజంతా ఏం చేసేవారో ఎప్పుడైనా చూశారేమో నాకు తెలియదు. నేను చూడలేదు. మరొక ఫిర్యాదు కూడా ఉంది. నేను కొన్న డెబ్బై గేములలో ఒక్కదానిలోనూ తెలుగు లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిలో కూర్చుని, పక్కనుండి చూసే మా అమ్మకు ప్రతి ఆంగ్ల వాక్యాన్నీ నేను నోటితో తెలుగు చేయవలసి వస్తున్నది. నాన్నగారికి ఆఫీసు ఇంగ్లీషు వచ్చు కనుక బతికిపోయాను.

పేపర్స్, ప్లీజ్ మాకు పన్నెండు రాత్రులు వచ్చింది. రెండు వందలకు పన్నెండు రాత్రులంటే రాత్రికి పదిహేడు రూపాయలు కూడా పడలేదు, అందుకని అదే మనిషి చేసిన తరువాతి గేము రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ కూడా కొన్నాను. అది 2018 నాటిది, దాని తగ్గింపు అంత ఎక్కువ కాకపోయినా నేను ఆగలేకపోయాను. 1807లో మనుషులెవరూ లేకుండా తిరిగి వచ్చిన ఈస్టిండియా కంపెనీ ఓడ ఎక్కి, అరవై మందిలో ఎవరు ఎలా పోయారో బీమా అధికారిగా లెక్క తేల్చాలి. బొమ్మలన్నీ నలుపు తెలుపు చుక్కలే కనుక మా ల్యాప్‌టాప్ మూలగకుండా నడిపిస్తున్నది. ముగ్గురి సంగతి సరిగ్గా రాస్తే తప్ప ఆట దానిని సరైనదని ఒప్పుకోదు. ఆ పద్ధతి నాన్నగారికి ఎంతో నచ్చి, దుకాణం నుంచి ఒక గీతల పుస్తకం తెప్పించుకుని, అరవై వరుసలు వేసి, పేరు, దేశం, పని, మరణకారణం అని గళ్లు కట్టారు. ఇప్పటికి ముప్పై మూడు నిండాయి.

ఆ ఓడ సిబ్బంది జాబితాలో భారతదేశం వారిగా నమోదైన నావికులు కూడా కొందరున్నారు. వారి వరుసలకు ఎదురుగా మాత్రం నాన్నగారు పెన్సిలుతో ప్రశ్నార్థకాలు పెట్టి ఉంచారు. చావు తేలలేదా అని అడిగితే, అది కాదన్నారు. “ఇయ్యి ఆళ్ల పేర్లు కావురా. రాసుకున్న గుమాస్తా తనకు నోరు తిరిగినట్టు రాసేశాడు. ఇంటిపేరు అడిగుండడు.”