పాఠకుల ప్రశ్నలు: మన పేటలోని రెస్టారెంట్లో భోజనం

హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా, ఇటు హంటర్ రోడ్డు పొడవునా, ఫ్యామిలీ రెస్టారెంటు అన్న బోర్డు కనిపించని వీధి ఇప్పుడు అరుదు. ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాటి గురించే ఉన్నాయి కాబట్టి, మిగిలిన విషయాలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి హోటల్ భోజనానికి సంబంధించిన ప్రశ్నలకే జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాల్లో ఉన్న హోటళ్ల పేర్లను తొలగించాం.

ప్రశ్న: ఆదివారం మా ఇంటిల్లిపాదీ దగ్గర్లోని ఒక రెస్టారెంటుకు వెళ్లాం. తిన్న పదార్థాల ధరలన్నీ కూడితే 960 రూపాయలు. చేతికి వచ్చిన బిల్లు మాత్రం 1,108 రూపాయల 80 పైసలు. మా మామగారు అడిగితే కౌంటరులో ఉన్నాయన "అంతా గవర్నమెంటు ట్యాక్సే సార్" అన్నారు. నలుగురిలో వాదించడం ఇష్టం లేక కట్టేసి వచ్చాం. ఇది సరైనదేనా? (ఒక గృహిణి, నక్కలగుట్ట)

జవాబు: సరైనది కాదు. మీరు పంపిన బిల్లు ఫోటోలో పదార్థాల మొత్తం కింద సన్న అక్షరాల్లో "ఎస్.సి. 10 శాతం" అని ఒక వరుస ఉంది. అది సర్వీస్ చార్జి, 96 రూపాయలు. ప్రభుత్వానికీ దానికీ సంబంధం లేదు, ఆ డబ్బు యజమాని గల్లాపెట్టెలోకే వెళుతుంది. ఆ 96ను కలుపుకొని వచ్చిన 1,056 రూపాయల మీద 5 శాతం జీఎస్టీ వేశారు కాబట్టి పన్ను 52 రూపాయల 80 పైసలైంది. సర్వీస్ చార్జి లేకపోతే పన్ను 48 రూపాయలు, అందులో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి పోతుంది. మొత్తం బిల్లు 1,008 రూపాయలతో ముగిసేది. అంటే మీ దగ్గర నూరు రూపాయలకు పైగా అదనంగా తీసుకుని, దానికి ప్రభుత్వం పేరు చెప్పారు.

సర్వీస్ చార్జిని వినియోగదారు కోరకుండా బిల్లులో కలపరాదనీ, వేరే పేరు పెట్టి వసూలు చేయడం కూడా తగదనీ, ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా తిన్నవారి ఇష్టమనీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని హోటళ్ల సంఘాలు సవాలు చేయడంతో కొన్నేళ్లు విషయం కోర్టులో నలిగింది. చివరికి 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థిస్తూ, తప్పనిసరిగా వసూలు చేయడం చట్టవిరుద్ధమని తేల్చింది. సంఘాలు దానిపై అప్పీలుకు వెళ్లాయి గనుక కౌంటరు దగ్గర "కేసు నడుస్తోంది" అన్న మాట మీకు వినిపించవచ్చు. ఆ మాటకు తడబడనక్కరలేదు. ఆ వరుసను తీసేసి కొత్త బిల్లు ఇవ్వమని మామూలు గొంతుతో అడగండి. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు అక్కడి నుంచే ఫోన్ చేయవచ్చు, జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు ఇవ్వవచ్చు. నాకు తెలిసినంతలో చాలా కౌంటర్లలో ఫోన్ చేసేదాకా రానే రాదు, బిల్లు మారిపోతుంది.

ఇక వడ్డించిన అబ్బాయికి ఏమైనా ఇవ్వాలనుకుంటే అతని చేతికే ఇవ్వండి. బిల్లులో కట్టిన సర్వీస్ చార్జిలో అతని వాటా ఎంతో మీకు తెలిసే దారి లేదు.

ప్రశ్న: చపాతీ, రోటీల మీద జీఎస్టీ ఎత్తేశారని పేపర్లో చదివాను. మా బస్టాండు దగ్గరి హోటల్లో రోటీల మీద ఇంకా పన్ను వేస్తున్నారు. పక్కనే ఉన్న మెస్సులో అయితే తెల్లకాగితం మీద పెన్నుతో "జీఎస్టీ" అని రాసి పది రూపాయలు అదనంగా తీసుకుంటున్నారు. ఎవరిది తప్పు? (ఒక ఉపాధ్యాయుడు, నర్సంపేట)

జవాబు: మొదటి హోటల్‌ది తప్పు కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోటీ, చపాతీ, పరోటాల మీద పన్ను తీసేసిన మాట నిజమే గాని, అది వాటిని సరుకుగా అమ్మినప్పటి సంగతి. హోటల్లో కూర్చుని తిన్నప్పుడు మీరు కొన్నది రోటీ, కూర, నీళ్లు, వడ్డన అన్నీ కలిసిన రెస్టారెంటు సేవ; దానికి మొత్తంగా 5 శాతం వర్తిస్తుంది.

మెస్సు సంగతి వేరు. జీఎస్టీ వసూలు చేసేవారు బిల్లు మీద 15 అక్షరాలూ అంకెలూ కలిసిన తమ నమోదు సంఖ్యను వేయాలి. తెలంగాణలో నమోదైనదైతే అది 36తో మొదలవుతుంది. ఆ సంఖ్య లేని చీటీ మీద పన్ను అడిగే హక్కు ఎవరికీ లేదు. సంఖ్య ఉన్నా ఇంకొక మెలిక ఉంది. ఏడాదికి కోటిన్నర లోపు వ్యాపారం చేసే చిన్న హోటళ్లలో కొన్ని కాంపొజిషన్ పద్ధతిని ఎంచుకుంటాయి. వాళ్లు తమ రాబడి మీద 5 శాతాన్ని తమ జేబులోంచి కట్టాలే తప్ప మన దగ్గర విడిగా వసూలు చేయకూడదు. జీఎస్టీ వెబ్‌సైటులో ఆ సంఖ్య కొట్టి చూస్తే వారు మామూలు పద్ధతిలో ఉన్నారో, కాంపొజిషన్‌లో ఉన్నారో అక్కడే కనిపిస్తుంది. పది రూపాయల కోసం ఇంత అవసరమా అంటే, రోజూ అక్కడే తినే విద్యార్థులకు అవసరమే.

ప్రశ్న: 20 రూపాయల నీళ్ల సీసాకు రెస్టారెంట్లో 40 తీసుకున్నారు. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవడం నేరం కాదా? (ఒక పాఠకుడు, జనగామ)

జవాబు: మీకు నచ్చని జవాబే చెప్పాలి. హోటళ్లు, రెస్టారెంట్లు సీసా నీళ్లకు ఎమ్మార్పీని మించి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబర్ 12న తీర్పు ఇచ్చింది. అక్కడ మనం కొనేది సీసా ఒక్కటే కాదు, కూర్చునే చోటు, వడ్డన కూడా అన్నది ఆ తీర్పుకు ఆధారం. అయితే సీసా కొనాలన్న నిర్బంధం మీకు లేదు. కూర్చోగానే అడగకుండా మూత తిప్పి గ్లాసుల్లో పోసేయడం మన దగ్గర ఒక అలవాటుగా మారింది. ఆ చేయి మూత మీద పడకముందే మామూలు నీళ్లు తెమ్మని చెప్పాలి.

ప్రశ్న: మా పిల్లలు ఎక్కడికి వెళ్లినా ఎర్రగా నిగనిగలాడే చికెన్ స్టార్టరే కావాలంటారు. అది మిరపపొడి ఎరుపో, రంగు కలిపిన ఎరుపో తినేవారికి తెలిసే మార్గం ఉందా? (ఒక తల్లి, కాజీపేట)

జవాబు: ఖాయంగా తేల్చేది ప్రయోగశాలే, బల్ల దగ్గర తెలిసేది అనుమానం మాత్రమే, కానీ ఆ అనుమానం చాలాసార్లు పనికొస్తుంది. మిరపకాయలోని ఎరుపు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. ఆహారంలో వాడే కృత్రిమ రంగులు చాలావరకు నీళ్లలో కరిగేవి. కాబట్టి ముక్క మీది మసాలాను కొద్దిగా తీసి గ్లాసులోని నీళ్లలో వేసి చూడండి. మిరపపొడి అయితే నీళ్ల మీద ఎర్రటి నూనె చుక్కలు తేలతాయి, కింద నీళ్లు కొద్దిగా మురికిగా మాత్రమే మారతాయి. రంగు అయితే నీళ్లన్నీ గులాబీ లేదా నారింజ ఛాయకు తిరుగుతాయి. ముక్క కింద పరిచిన ఉల్లి చక్రాలను చూసినా చాలు: నిమ్మరసం తగిలిన తెల్ల ఉల్లి లోపలి పొర దాకా నారింజ రంగు పీల్చుకుని ఉంటే, వేళ్లు కడిగినా ఆ మరక వదలకపోతే, ఇంకోసారి ఆ వంటకం తెప్పించకపోవడం మంచిది.

మన దేశంలో ఆహారానికి అనుమతించిన కృత్రిమ రంగులు 8 మాత్రమే, అవీ నిర్దేశించిన పదార్థాల్లో, నిర్దేశించిన మోతాదులోనే. బట్టలకు వేసే రోడమిన్-బి వంటివి ఆ జాబితాలో లేనే లేవు. గోబీ మంచూరియాలో హానికరమైన కృత్రిమ రంగులు దొరకడంతో కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో అందులో వాటి వాడకాన్ని నిషేధించి, అదే ఏడాది జూన్‌లో చికెన్, చేపల కబాబుల్లోనూ కృత్రిమ రంగులు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది.

వరంగల్లో ఉండి ఎరుపు కోసం రంగు డబ్బా మీద ఆధారపడటం నాకు విడ్డూరంగా తోస్తుంది. మిరపకు పేరున్న ఏనుమాముల మార్కెట్టు మన ఊళ్లోనే ఉంది. చూడటానికి బుడ్డ టమాటాలా ఉండే చపాటా మిరప మన చుట్టుపక్కల చేలల్లోనే పండుతుంది; కారం తక్కువ, ఎరుపు ఎక్కువ, అందుకే 2025లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. పిల్లలు తినే వంటకానికి ఇంతకంటే అనువైన కాయ ఏముంది? మాంసాన్ని పెరుగులో నానబెట్టేటప్పుడు చపాటా పొడిని కాస్త వేడి నూనెలో కలిపి పట్టిస్తే ఎరుపు బాగానే దిగుతుంది. డబ్బా రంగంత మెరుపు రాదు, ధర కూడా ఎక్కువే; హోటలువారి అభ్యంతరం ఈ రెండో మాట దగ్గరే. "రంగు వేయకుండా చేయండి" అని ఆర్డరుతో పాటే చెప్పండి. వేసి చేసిన తరువాత అడిగితే వచ్చే జవాబు "వేయలేదు మేడమ్" అన్నదే.

ప్రశ్న: మేము శాకాహారులం. మాంసాహారం కూడా చేసే రెస్టారెంట్లో మంచూరియా, పకోడీలను అదే నూనెలో వేయిస్తారా? (ఒక కుటుంబం, పరకాల)

జవాబు: వేయించే బాండి ఒక్కటే ఉన్న చిన్న వంటగదిలో వేయించే అవకాశం ఎక్కువ. వడ్డించే అబ్బాయిని అడిగితే "వేరే సార్" అంటాడు; పాపం అతను వంటగది లోపలి సంగతి చూసి ఉండకపోవచ్చు. మేనేజరును పిలిచి, శాకాహారానికి బాండి, నూనె, జల్లెడ గరిటె విడిగా ఉన్నాయా అని మూడూ పేరుపేరునా అడగండి. నాన్ పిండిలో గుడ్డు కలుపుతారా అన్నది కూడా అడగవలసినదే, చాలామంది మరిచిపోయే ప్రశ్న అది. జవాబు నమ్మకంగా తోచకపోతే పప్పు, కూర, పుల్కాలతో సరిపెట్టుకుని నూనెలో వేయించినవాటి జోలికి పోకండి.

నూనె ఎవరి కోసం కాగినా, ఎన్నిసార్లు కాగిందన్నదీ ముఖ్యమే. పదేపదే కాచిన నూనెలో, కాగేకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు (నూనె చెడిందని చెప్పే గుర్తు) 25 శాతం మించితే ఇక వాడకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన ఉంది. కొలిచే పరికరం మన దగ్గర ఉండదు గాని, నల్లబడి, జిగురుగా మారి, నురగ కట్టే నూనెకు కొలత అక్కరలేదు.

ప్రశ్న: రాత్రి తెచ్చుకున్న బిర్యానీ పార్శిల్‌లో మిగిలినదాన్ని బల్ల మీదే ఉంచి, పొద్దున వేడి చేసి తిన్నాం. అందరికీ వాంతులయ్యాయి. హోటల్‌దే తప్పంటారా? (ఒక యువకుడు, హసన్‌పర్తి)

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి అనుమానం రాత్రంతా బయట ఉన్న అన్నం మీదికే వెళుతోంది. బాసిలస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషపదార్థాన్ని వదులుతాయి, దాన్ని మళ్లీ వేడి చేసినా అది పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవడం దాని లక్షణం. మిగిలే అన్నాన్ని రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రి తిన్నవారికి రాత్రే వాంతులై ఉంటే మాత్రం మాట మారుతుంది. అప్పుడు బిల్లు మీద ఉండవలసిన 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు సంఖ్యతో జిల్లా ఆహార భద్రత అధికారికి ఫిర్యాదు చేయండి.

మండి బిర్యానీతో ఇచ్చే తెల్లటి మయోనైజ్ గురించి కూడా ఒక మాట. పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ను మన రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించింది. గడువు ఎంతైనా పచ్చి గుడ్డు గుణం మారదు కనుక, గుడ్డు లేనిదా అని అడిగి తెచ్చుకోండి, మిగిలితే పారేయండి.

ప్రశ్న: అమెరికా నుంచి మా తమ్ముడు వస్తున్నాడు. మన వంట తినిపిద్దామంటే ఏ ఫ్యామిలీ రెస్టారెంట్లో చూసినా పనీర్ బటర్ మసాలా, మంచూరియానే. బగారా అన్నం, నాటుకోడి, పచ్చిపులుసు, జొన్నరొట్టె ఎందుకు దొరకవు? (ఒక అక్క, సుబేదారి)

జవాబు: రుచి తెలియక కాదు, వంటగది నడిచే తీరు వల్ల. మీరు ఆర్డరు చెప్పిన పావుగంటలో నాలుగు రకాల కూరలు బల్ల మీదికి రావడానికి కారణం పొద్దున్నే ఉడికించి పెట్టుకున్న రెండు గ్రేవీలు: ఉల్లి, టమాటాలతో ఒకటి, జీడిపప్పుతో తెల్లనిది ఇంకొకటి. అందులో పనీరు వేస్తే ఒక పేరు, కోడి వేస్తే ఇంకొక పేరు. నాటుకోడి ఈ లెక్కకు లొంగదు. ముదురు కోడి అయితే గంటకు పైగా ఉడకాలి, ముక్కకు దాని రసమే గ్రేవీ. ముందే వండి పెడితే, ఆ రోజు అడిగేవారు లేకపోతే నష్టం పెద్దది. పచ్చిపులుసుకు పొయ్యి కూడా అక్కరలేదు గాని, ఇంట్లో ఊరికే వచ్చేదానికి హోటల్లో 80 రూపాయలు ఎవరు పెడతారన్నది యజమానుల సందేహం. జొన్నరొట్టెకైతే చేత్తో తట్టగలిగే మనిషి కావాలి; తందూరు దగ్గర నిలబడే మనిషికి ఆ పని రాదు.

కనుక దొరకవని ఊరుకోకండి, అడగందే అమ్మైనా పెట్టదు. మీ ఇంటి దగ్గరి హోటల్లో వంటమనిషి మన ప్రాంతంవాడైతే, తమ్ముడు వచ్చే ముందు రోజే వెళ్లి, ఎంతమంది వస్తారో, కోడి ఎన్ని కిలోలు కావాలో చెప్పి కొంత అడ్వాన్సు ఇవ్వండి. దావత్‌లకు వండిన చేయి అయితే బగారా అన్నం అతనికి కొట్టిన పిండి. రద్దీ ఉండే ఆదివారం మధ్యాహ్నం వద్దు, వారం మధ్యలో ఒక రాత్రి పెట్టుకుంటే వంటగదికి తీరిక ఉంటుంది. రొట్టెలు తట్టే మనిషి అక్కడ లేకపోతే, సాయంత్రం పూట రోడ్డు పక్కన పొయ్యి పెట్టి రొట్టెలు అమ్మే ఆడవాళ్ల దగ్గర తెచ్చుకుంటామని మేనేజరుతో ముందే మాట్లాడి పెట్టుకోండి. బయటి తిండి లోపలికి తేవద్దనే నియమం చాలా చోట్ల ఉంది, పెద్ద ఆర్డరు ఇచ్చేవారికి దాన్ని సడలించేవారూ చాలామందే ఉన్నారు. ఎక్కడి నుంచి తెచ్చినా రొట్టెలు చివరి నిమిషంలోనే రావాలి, చల్లారితే బిరుసెక్కి నాటుకోడి పులుసులో కూడా నానవు.