స్మార్ట్ హెల్మెట్ కొనే ముందు స్ట్రాప్ సంగతి

ప్రశ్న: మా అబ్బాయి రోజూ గుంటూరు నుంచి విజయవాడకు బైకు మీద ఉద్యోగానికి వెళ్లి వస్తాడు. రాత్రి ఎనిమిది దాటితే నేను వీధి గుమ్మంలోనే కూర్చుంటాను. ప్రమాదం జరిగితే దానంతట అదే ఇంటికి కబురు పంపే స్మార్ట్ హెల్మెట్లు వచ్చాయని మా తమ్ముడు చెప్పాడు. ధర చూస్తే మామూలు హెల్మెట్‌కు ఎన్నో రెట్లు ఉంది. కొనమంటారా?
(ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: అమ్మా, కొనవద్దని చెప్పను. అయితే ఆ వస్తువు ఏ క్షణంలో ఏ పని చేస్తుందో తెలుసుకుని కొనండి. తల రోడ్డుకు కొట్టుకునే క్షణంలో కాపాడేవి గట్టి పైచిప్ప, దాని లోపలి మందపాటి థర్మోకోల్ పొర, గడ్డం కింద బిగించే స్ట్రాప్, ఈ మూడే. పైచిప్ప దెబ్బను ఒక్కచోటే దిగనీయకుండా చుట్టూ పరుస్తుంది. థర్మోకోల్ తాను నలిగిపోతూ, తల ఒక్కసారిగా ఆగకుండా సెకనులో కొన్ని వెయ్యో వంతుల వ్యవధి సంపాదించి పెడుతుంది. ఆ కాస్త వ్యవధే మెదడుకు తగిలే దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. కబురు పంపే పరికరం పని మొదలయ్యేది ఇదంతా అయిపోయాకే.

ఆ పరికరంలో కుదుపును కొలిచే ఆక్సిలరోమీటర్, తిరుగుడును కొలిచే గైరోస్కోప్ అనే చిన్న సెన్సర్లు ఉంటాయి. ముందుగా నిర్ణయించిన హద్దును మించిన కుదుపు వచ్చి, ఆ వెంటనే కదలిక ఆగిపోతే అది ప్రమాదమని భావించి బ్లూటూత్ ద్వారా ఫోనుకు తెలియజేస్తుంది. ఫోను కొన్ని సెకన్ల పాటు అలారం మోగిస్తుంది. బండి నడిపే మనిషి దాన్ని రద్దు చేయకపోతే, ముందుగా ఇచ్చిన నంబర్లకు స్థలం వివరాలతో సందేశం వెళుతుంది. రాత్రివేళ కాజా టోల్‌గేటు దాటాక ఎవరూ చూడని చోట మనిషి పడి స్పృహ తప్పితే ఈ సందేశం విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు. కానీ ఫోనులో చార్జింగ్, నెట్‌వర్క్ ఉండాలి. పెట్రోలు బంకులో ట్యాంకు మీద పెట్టిన హెల్మెట్ జారి పడినా సెన్సర్‌కు అది ప్రమాదంలాగే కనిపించే అవకాశం ఉంది కనుక, సందేశం రాగానే కంగారు పడకుండా ముందు అబ్బాయికి ఫోను చేయండి. ఎత్తకపోతే ఆలస్యం చేయకుండా 108కి గానీ 112కి గానీ చేసి, సందేశంలో వచ్చిన స్థలం చెప్పండి.

ఇక అసలు విషయం. రేపు ఉదయం అబ్బాయి బయలుదేరేటప్పుడు అతని గడ్డం కింద చూడండి. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లలోనే ఎందరికో స్ట్రాపులు చెవుల పక్కన ఊగుతూ కనిపిస్తాయి. పోలీసు కోసం పెట్టుకున్న హెల్మెట్ అలాగే ఉంటుంది మరి. బిగించని హెల్మెట్ తల నేలను తాకకముందే ఊడి ఎగిరిపోవచ్చు. అప్పుడు ఎంత ఖరీదైన సెన్సర్ అయినా హెల్మెట్ పడిన సంగతి చెబుతుందే తప్ప తలను కాపాడదు. స్ట్రాప్ బిగించాక హెల్మెట్ వెనుక అంచును మెడ దగ్గర పట్టుకుని పైకీ ముందుకూ లాగి చూడమనండి; అది నుదుటి మీదుగా ఊడి వస్తే ఆ సైజు అతనికి పెద్దది.

కొనేటప్పుడు మొదట చూడవలసింది ఐఎస్ఐ ముద్ర. దాని పైన హెల్మెట్ల ప్రమాణం నంబరైన ఐఎస్ 4151 అనీ, కింద సీఎం/ఎల్ అనే అక్షరాలతో లైసెన్సు నంబరూ ఉంటాయి. ఆ నంబరును, ఈ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోవచ్చు. 2021 జూన్ 1 నుంచి ఈ ముద్ర లేని హెల్మెట్లు మన దేశంలో అమ్మకూడదు కాబట్టి, విదేశీ ముద్ర ఒక్కటే చూపించి స్మార్ట్ హెల్మెట్ అంటగట్టే దుకాణదారుడి మాట వినకండి. మంచి మామూలు హెల్మెట్ కొని, రంధ్రం చేయనవసరం లేకుండా క్లిప్పుతో అమర్చే పరికరాన్ని విడిగా తీసుకుంటే ఖర్చూ తగ్గుతుంది. అందులో స్పీకరు ఉంటే దాన్ని దారి వివరాలు వినడానికే వాడమనండి, బండి నడుపుతూ ఫోనులో మాట్లాడడానికి కాదు. మీరు కూడా ఎనిమిదింటికి ఫోను చేసి "ఎక్కడిదాకా వచ్చావురా" అని అడగడం మానుకోవాలి.

ప్రశ్న: ఆటోనగర్‌లో మా షెడ్డు ముందు బండ్లన్నీ ఎండలోనే ఉంటాయి. బ్యాటరీ ఉన్న హెల్మెట్‌ను అద్దానికి తగిలిస్తే ఏమైనా అవుతుందా?
(ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, లిథియం అయాన్ బ్యాటరీ అంతకంటే సున్నితమైనది. సాధారణంగా దీన్ని 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జింగ్ పెట్టకూడదు. బెజవాడలో మే నెలలో గాలి వేడిమే అక్కడిదాకా పోతుంది, ఎండలో నల్లటి హెల్మెట్ లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. నీడలో పెట్టి చల్లారాకే చార్జింగ్ పెట్టండి. బ్యాటరీ ఉబ్బితే ఇక వాడవద్దు. బ్యాటరీ సంగతి అటుంచి, హెల్మెట్‌ను అద్దానికి తగిలించడమే మంచి అలవాటు కాదు. లోపలి గుడ్డను తీసి చూస్తే, అద్దం అంచు రోజూ నొక్కుకుని థర్మోకోల్‌లో పడిన గుంట మీ వేలికే తగులుతుంది. ఒకసారి నలిగిన ఆ చోటు మళ్లీ పొంగదు.

ప్రశ్న: హెల్మెట్ పెట్టుకోకపోయినా, మద్యం తాగినా బండి స్టార్ట్ కాకుండా చేసే ప్రాజెక్టు తయారు చేస్తున్నాము. లోపాలేమైనా ఉంటే చెప్పగలరు.
(ఇంజనీరింగ్ విద్యార్థులు, గుంటూరు)

జవాబు: ఆలోచన మంచిదే. అయితే మద్యం వాసన పసిగట్టడానికి మీరు వాడుతున్నది ఎంక్యూ-3 అనే సెన్సరే అయి ఉంటుంది. అది తనలోని హీటరు వేడెక్కితే గానీ సరిగా పనిచేయదు. పైగా శానిటైజర్ ఆవిరికి కూడా స్పందిస్తుంది. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. ఆ గీతను ఈ సెన్సర్ కచ్చితంగా గుర్తిస్తుందని చెప్పలేము కనుక, మీ నివేదికలో "తాగినట్లు నిర్ధారిస్తుంది" అని కాకుండా "అనుమానం వస్తే ఆపుతుంది" అని రాయండి.

హెల్మెట్ లోపల తల ఉందో లేదో చూసే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్‌ను అరచేతితో మోసగించవచ్చు. హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకుని తిరిగే ఊరివాళ్లం, ఆ ఉపాయం మొదటి రోజే కనిపెడతాము. దానికి తోడు స్ట్రాప్ బకిల్‌లో కూడా స్విచ్ పెట్టండి. బకిల్‌ను మోచేతి మీద బిగించినా అది మోసపోతుంది కాబట్టి రెండు సంకేతాలూ కలిసి వస్తేనే ఇంజను స్టార్ట్ కావాలి.

అన్నింటికంటే ముఖ్యంగా, ఇంజనుకు కరెంటు ఆపే రిలే (విద్యుత్ స్విచ్) బండి స్టార్ట్ చేసేటప్పుడు మాత్రమే అడ్డుపడాలి. హెల్మెట్‌కూ బండికీ మధ్య రేడియో సంకేతం ఒక్క క్షణం తెగినా, కనకదుర్గ వారధి మీద లారీ ముందు వెళుతున్న బండి ఇంజను ఆగిపోకూడదు. సంకేతం తెగితే బజర్ మోగించండి, ఇంజను జోలికి పోకండి. వైర్ల కోసం పైచిప్పకు రంధ్రాలు చేసిన హెల్మెట్‌ను ప్రదర్శన బల్ల మీదనే ఉంచండి. దాన్ని పెట్టుకుని మీలో ఎవరూ కాలేజీ గేటు దాటవద్దు.